రోజుకు రెండుసార్లు పోయే లంక

సముద్రం ఒడ్డున కడలివాడ అనే రాజ్యం ఒకటి ఉండేదట. ఇప్పుడు వెతికినా దొరకదు. దాన్ని వీరమల్లదేవుడనే రాజు ఏలేవాడు. ఆయనకు పదకొండు బిరుదులుండేవి. ఆయన సింహాసనం మీద కూర్చునేటప్పుడు కొలువులోని భట్టు ఆ పదకొండూ చదివి ముగించేదాకా సభలో ఎవరూ దగ్గకూడదు. పన్నెండో బిరుదు మీద రాజుకు చాలాకాలంగా మనసుంది. అది 'దానకల్పతరువు'.

ఆ బిరుదు రావాలంటే రాజ్యంలో దానాలు జరగాలి. కడలివాడ ప్రజలకు ఆ అలవాటు తక్కువ. అందుకని మంత్రి నామన ప్రెగ్గడ ఒక ఉపాయం చెప్పాడు. రాజు దాన్ని రాతి మీద చెక్కించి కోట గుమ్మం దగ్గర నిలబెట్టించాడు. ఆ శాసనంలో ఉన్నవి మూడే వాక్యాలు.

రేవు సత్రానికి ఎవరైనా ఆస్తి ధారపోసి, చేతిలో నీళ్లు పట్టుకుని దాని విలువ ఇంత అని ప్రమాణం చేస్తే, అంత మొత్తం వారు కట్టవలసిన పన్నుల్లోంచి తగ్గించబడును. ఆ ఆస్తి సత్రం చేతిలో ఉన్నంతకాలమే ఈ మినహాయింపు; చేయి దాటిపోతే తగ్గిన పన్నంతా ఒక్కసారే కట్టవలెను. దాత చెప్పిన విలువను శంకించినవాడు ధర్మాన్నే శంకించినట్టు; వాడి నాలుక మీద వాత పెట్టబడును.

ఏడాది తిరగకుండానే కడలివాడలో పుణ్యం పొంగిపొర్లింది. బిచ్చగాడికి గుప్పెడు నూకలు వేయడానికి తలుపు తీయనివాళ్లు ఆస్తిపత్రాలు పట్టుకుని సత్రం ముందు వరుస కట్టారు. ఇంత దయ ఒక్కసారిగా ఎక్కడినుంచి ఊడిపడిందని కొందరికి అనుమానం వచ్చింది. నాలుక మీద ప్రేమ కొద్దీ ఆ అనుమానాన్ని మింగేశారు.

పెద్ద దానాలు నాలుగు. ఓడ వర్తకుడు పేర్నిశెట్టి తన ఓడలో మూడో వంతు వాటా ఇచ్చాడు. విలువ ఇరవై ఐదు వేల మాడలన్నాడు. సేనలకు పెద్దయిన కాటయ నాయకుడు రేవుకు ఉత్తరాన ఉన్న పొలం ఇచ్చాడు, ఇరవై వేలన్నాడు. ప్రెగ్గడ తన మామిడితోట ఇచ్చాడు; పదిహేను వేలు. నాలుగోది రాజుగారిది. ఏరు సముద్రంలో కలిసేచోట ఉన్న లంక. ఇరవై వేలు.

రాజుకు పన్నెక్కడిది అంటారేమో. పన్ను లేదు కానీ, ఆయన కట్టవలసింది ఒకటుంది. ఆయన తాతగారు మాట ఇచ్చి పోయిన ప్రకారం రాజుగారి గాదెల నుంచి ఏటా నూరు పుట్ల వడ్లు సత్రానికి వెళ్లాలి. పుట్టి ఐదు మాడల చొప్పున నూరు పుట్లు ఐదు వందలు. ఇరవై వేల లంక ఇచ్చేశాక నలభై ఏళ్ల వడ్లు ముందే ఇచ్చేసినట్టని ప్రెగ్గడ లెక్క చెప్పాడు. రాజు సంతోషించాడు. వడ్ల బండ్లు ఆగిపోయాయి.

ఇలా మూడేళ్లు గడిచాయి. పెద్దవాళ్ల పన్నులు తగ్గిపోయి బొక్కసం వెలితిపడితే, జాలర్ల వలల మీద పన్ను రెండింతలు చేశారు. రాజుగారి పన్నెండో బిరుదుకు పున్నమి నాడు ముహూర్తం పెట్టారు.

ఆ పున్నమికి ఐదు రోజుల ముందు పక్క రాజ్యం రాయబారి ఒకడు వచ్చాడు. "ముందు మా సత్రంలో భోంచేసి రండి, మా దానాల సంగతి మీకే తెలుస్తుంది," అని రాజు అతన్ని పంపాడు. రాయబారి తొందరగానే తిరిగొచ్చాడు.

"ఎలా ఉంది భోజనం?" అన్నాడు రాజు.

"మీ సత్రానికి ఉన్న ఆస్తుల వివరాలు గోడ మీద చదువుతూ గంజి తాగాను మహారాజా. చదవడానికే ఎక్కువసేపు పట్టింది."

సభలో ఎవరో నవ్వారు. ఎవరో తేలలేదు. రాజు ముఖం కందగడ్డలా అయింది.

ఎనభై వేల మాడల ఆస్తి ఉన్న సత్రంలో గంజి ఎందుకుంటుంది? ఎవరో తినేస్తుంటేనే ఉంటుంది. తినేది ఎవరు? సత్రం నడిపే మనిషి. ఈ మూడు మెట్లూ రాజు మూడు క్షణాల్లో ఎక్కేశాడు.

సత్రం నడిపేది మైలమ అనే అరవై ఏళ్ల మనిషి. మొగుడు సముద్రంలో పోయాడు. ముప్పై ఏళ్లుగా అక్కడే వండుతూ వడ్డిస్తూ ఉంది. భటులు వెళ్లి ఆమె గది వెతికారు. రెండు చీరలు, ఒక చాప దొరికాయి. సత్రం పెరడంతా తవ్వారు. ఏమీ దొరకలేదు.

"ఏమీ దొరకలేదంటే చాలా బాగా దాచిందన్నమాట," అన్నాడు ప్రెగ్గడ.

"నేనూ అదే అనుకున్నాను," అన్నాడు రాజు.

ఆమెను సభకు తెచ్చారు. "ఎనభై వేలూ ఏం చేశావు?" అని రాజు గద్దించాడు.

"ఏలికా, ఆ ఆస్తులు చూడటానికే గానీ..." అని మైలమ మొదలుపెట్టింది.

"జాగ్రత్త!" అన్నాడు ప్రెగ్గడ. "దానం విలువను శంకిస్తున్నావా? వాత పెట్టే కమ్మీ వెచ్చగానే ఉంది."

మైలమ నోరు మూసుకుంది. ఆమె నోరు మూసుకోవడం చూసి రాజు అనుమానం బలపడింది. పున్నమి నాటికి సొత్తు అప్పగించకపోతే ఆమె తల గొరిగించి పొలిమేర దాటించాలనీ, సత్రాన్ని ప్రెగ్గడగారి బావమరిదికి అప్పగించాలనీ తీర్పు చెప్పాడు.

అప్పుడు మాచన లేచాడు. కొలువులో అతని పని కొలతలు చూడటం. కుంచాలు, మానికలు సరిగ్గా ఉన్నాయో లేదో అతను తేల్చాలి. సభను నవ్వించేవాడు కూడా అతనే కావడంతో కొలతల గురించి అతను చెప్పే మాటలు ఎవరూ పట్టించుకునేవారు కాదు.

"మహాప్రభూ, ఈ సొత్తు ఎక్కడుందో నేను తేలుస్తాను. పున్నమి దాకా సెలవివ్వండి."

"అంతా ఈ ముసలిదే మింగేసింది. నీకెందుకయ్యా ఇందులో?" అన్నాడు పేర్నిశెట్టి.

"ఎనభై వేలు దొరికితే చూడాలని ఉండదా శెట్టిగారూ? నేనెప్పుడూ చూడలేదు."

రాజు కళ్లు చిన్నవి చేసి చూశాడు. "తేల్చకపోతే నువ్వు కూడా ఆమెతో పొలిమేర దాటుతావు."

"చిత్తం," అన్నాడు మాచన.

అతను సత్రానికి వెళ్లేసరికి మైలమ అరుగు మీద కూర్చుని నూకల్లో రాళ్లు ఏరుతోంది. పెరడంతా గోతులు.

"రా నాయనా, నువ్వొక్కడివే మిగిలావు. పార తెచ్చుకున్నావా?"

"లేదు మైలమక్కా. ఆకలి తెచ్చుకున్నాను."

ఆమె గంజి పోసింది. అతను తాగాడు. గిన్నె అడుగున ఎన్ని మెతుకులున్నాయో లెక్కపెట్టేంత తీరిక అక్కర్లేదు, చూస్తేనే తెలుస్తోంది.

"నువ్వు కూడా అడుగు," అంది మైలమ. "ఎక్కడ దాచావని."

"అడగను. ఆ ఎనభై వేలూ నాకు చూపించు."

ఆమె కొంగు నడుముకు చుట్టుకుని ముందు నడిచింది. కాటయ నాయకుడి పొలం మొదట వచ్చింది. నేలంతా తెల్లగా, ఉప్పు పేరుకుని ఉంది. గడ్డిపోచ లేదు. "వర్షం పడి ఎండితే ఇంకా తెల్లబడుతుంది," అంది మైలమ.

ప్రెగ్గడ తోటలో చెట్లు నిండా కాసి ఉన్నాయి. తోట గుమ్మం దగ్గర కాపలావాడు కర్ర అడ్డం పెట్టాడు. "బతికున్నంతకాలం కాయ ప్రెగ్గడగారిదే అని పత్రంలో రాసుకున్నారట. చెట్టు మాత్రం సత్రానిదట. కావాలంటే ఎండాకులు ఊడ్చుకుపొమ్మంటాడు వీడు," అంది మైలమ.

"శెట్టి ఓడ?"

"ఆ ఓడ వెళ్లి నాలుగేళ్లు. దానమిచ్చింది మూడేళ్ల కిందట. పెద్ద గాలివాన తర్వాత దాని తెరచాప కొయ్య విరిగి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. పొయ్యిలో పెట్టాను. రెండు పూటలు మండింది. ఇరవై ఐదు వేలలో నాకు ముట్టింది అదే."

చివరికి ఏటి ముఖం దగ్గరికి వచ్చారు. ఎటుచూసినా నీళ్లే.

"లంక ఏది?"

"పోటు వేళ వచ్చాం. ఇప్పుడు కనబడదు. అదిగో, ఆ కొంగ ఎగురుతున్నచోట, నీళ్ల కింద ఉంటుంది. ఆటు వేళ పైకి తేలుతుంది. రోజుకు రెండుసార్లు పోయి, రెండుసార్లు వస్తుంది."

మాచన చాలాసేపు ఆ కొంగనే చూశాడు. "రాజుగారు ఈ లంకను ఎప్పుడైనా చూశారా?"

"పటంలో చూశారట. పటం తడవదుగా నాయనా."

తిరిగి వస్తుంటే మైలమ అంది: "నన్ను వెళ్లగొడితే వెళతాను, దానికేం. కానీ ఓడ పగిలి ఈ ఒడ్డున పడ్డవాడికి మొదటి ముద్ద ఈ సత్రంలోదే. ఎవరు, ఏ కులం అని అడగకుండా పెట్టాలని రాజుగారి తాతగారి కట్టడి. ప్రెగ్గడ బావమరిది చేతిలో పడితే ఆ ముద్ద ఉండదు. రేపు సభలో ఉన్నమాట చెప్పేస్తాను. నాలుక కాలితే కాలనీ. వంటకు నాలుకతో ఏం పని?"

"ఉప్పు చూడాలి కదక్కా."

ఆమె నవ్వలేదు.

"ఈ మాట నువ్వు చెప్పకూడదు, నేనూ చెప్పకూడదు," అన్నాడు మాచన. "విలువ చెప్పినవాళ్ల నోటితోనే రావాలి."

పున్నమికి ముందురోజు సాయంత్రం సభ కూడింది. దాతలంతా వచ్చారు. మైలమను భటుల మధ్య నిలబెట్టారు.

"తేల్చావా?" అన్నాడు రాజు.

"తేల్చాను మహాప్రభూ. మైలమ దొంగే."

మైలమ తల తిప్పి మాచన వైపు చూసిన చూపుకు పక్కనున్న భటుడు ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎనభై వేల ఆస్తీ సత్రం చేయి దాటిపోయింది," అని మాచన కొనసాగించాడు. "ఇక శాసనం రెండో వాక్యం ప్రకారం దాతలు మూడేళ్లుగా తగ్గించుకున్న పన్నంతా రేపు ఒక్కసారే కట్టాలి. కరణంగారూ, రాసుకోండి. మొదట పేర్నిశెట్టి..."

"ఆగండాగండి!" పేర్నిశెట్టి లేచి నిలబడ్డాడు. "చేయి దాటిందని ఎవరన్నారు?"

"మొన్న మీరే అన్నారు. ఈ ముసలిది అంతా మింగేసిందని."

"మొన్న కోపంలో అన్నాను. నా ఓడ ఎక్కడికీ పోలేదు."

"ఎక్కడుంది?"

"సముద్రంలో."

"సముద్రంలో ఎక్కడ శెట్టిగారూ?"

"ఉన్నచోటే ఉంది. నాలుగేళ్లుగా అంగుళం కదల్లేదు."

"పైనా, అడుగునా?"

శెట్టి చుట్టూ చూశాడు. "సముద్రమన్నాక పైనా కిందా అంతా ఒకటేనయ్యా."

"మంచిది. ఓడ భద్రం, రాసుకోండి. కాటయ నాయకా, మీ పొలం?"

"నా పొలం ఎవడు ఎత్తుకుపోతాడు? మేక కూడా అటు పోదు!"

"మేక ఎందుకు పోదు?"

కాటయ నాయకుడు యుద్ధాల్లో ఇంత ఇబ్బంది పడలేదు. "మేకలకు భక్తి ఎక్కువ. సత్రం సొత్తు ముట్టవు," అన్నాడు.

"మంచిది. ప్రెగ్గడగారూ, తోట?"

"చెట్టుకు చెట్టు ఉంది," అన్నాడు ప్రెగ్గడ, మాచనను అనుమానంగా చూస్తూ.

"కాయలో?"

"కాయలు నేను దానమివ్వలేదు. చెట్లే ఇచ్చాను."

"అంటే నీడ సత్రానిదేనా?"

"నీడ... నీడ సత్రానిదే."

"కరణంగారూ, నీడ భద్రం."

మాచన రాజు వైపు తిరిగాడు. "మహాప్రభూ, నేను పొరబడ్డాను. అరవై వేల సొత్తు చెక్కుచెదరలేదని దాతలే సాక్ష్యం చెప్పారు. అంతవరకు మైలమ దొంగ కాదు. ఇక మిగిలింది ఏలినవారి లంక."

"దానికేమైంది?"

"దాన్ని మాత్రం ఎవరో రోజుకు రెండుసార్లు ఎత్తుకుపోతున్నారు. రెండుసార్లు తెచ్చి మళ్లీ అక్కడే పెడుతున్నారు."

రాజు సింహాసనం మీద ముందుకు వంగాడు. "నేనిచ్చిన లంకనా? ఎవడు వాడు?"

"రేవులో అందరికీ తెలుసు. పట్టుకునే ధైర్యం ఒక్కరికీ లేదు. నేను పేరు చెబితే దానం విలువను శంకించినట్టవుతుంది. ఏలినవారే స్వయంగా పట్టుకోవాలి."

ప్రెగ్గడ రాజు చెవి దగ్గరికి వంగాడు. "ఇందులో ఏదో మోసం ఉంది ప్రభూ. వెళ్లవద్దు. ఈ మాచన ఆ ముసలిదానితో కుమ్మక్కయ్యాడు."

రాజు ఇప్పుడు ప్రెగ్గడను అనుమానంగా చూశాడు. "నేను వెళితే నీకేమిటి భయం? ఆ లంకను ఎంచిపెట్టింది నువ్వే కదా. ఎప్పుడైనా కాలు పెట్టావా దాని మీద?"

"పటంలో చూశాను ప్రభూ."

"నేనూ పటంలోనే చూశాను. ఇద్దరం కలిసి చూద్దాం. సూర్యోదయానికి బయల్దేరుతున్నాం. దాతలంతా రావాలి. అప్పటిదాకా ఎవరూ ఇంటికి వెళ్లకూడదు. దొంగకు కబురు పోతుంది. మాచనా, నువ్వూ ఇక్కడే పడుకో."

ఆ రాత్రి కడలివాడలోని ముగ్గురు శ్రీమంతులు సభామండపంలో నేల మీద పడుకున్నారు. ఒకరి వైపు ఒకరు వీపు పెట్టుకుని పడుకున్నారని భటులు చెప్పారు.

తెల్లవారగానే రెండు పడవల్లో బయల్దేరారు. లంక నీళ్లపైన కనబడుతూనే ఉంది. పొడవుగా, తడి మెరుపుతో ఉన్న ఇసుక మెరక. రాజు దిగి, అటూ ఇటూ చూసి, "చిన్నదే అయినా చక్కగా ఉంది," అన్నాడు.

"విలువైనది చిన్నగానే ఉంటుంది ప్రభూ," అన్నాడు మాచన.

బంగారు పీఠం దింపారు. గొడుగు దింపారు. భట్టును కూడా తెచ్చారు. దొంగ దొరకగానే బిరుదులు చదవాలి. రాజు కత్తి ఒళ్లో పెట్టుకుని, ఒడ్డు వైపు ముఖం పెట్టి కూర్చున్నాడు. దొంగ ఒడ్డు నుంచి వస్తాడని ఆయన లెక్క.

అప్పుడు ఆయనకు ఒక సందేహం వచ్చింది. "పడవలు కనబడితే దొంగ దగ్గరికి రాడు. వాటిని మడ చెట్ల వెనకకు తీసుకుపోండి. దొంగ దొరికాడని నేను కేకేసేదాకా రావద్దు. మధ్యలో ఎవరు పిలిచినా రావద్దు. వీళ్లలో ఎవరిని నమ్మాలో నాకు తెలియడం లేదు."

పడవవాడు సింగడు చేతులు జోడించి, "తమ సెలవు దొరా," అని పడవలు తీసుకుపోయాడు. మాచన పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టుకున్నాడు.

"అదెందుకు?" అన్నాడు ప్రెగ్గడ.

"దొంగ వెంట పరుగెత్తాల్సి వస్తుందేమో."

కొంతసేపు ఏమీ జరగలేదు. రాజు ఒడ్డునే చూస్తున్నాడు. కాటయ నాయకుడు కాళ్లవైపు చూసుకున్నాడు. చెప్పులు తడిశాయి.

"మహాప్రభూ, దొంగ వస్తున్నట్టుంది," అన్నాడు మెల్లగా.

"ఏ వైపు నుంచి?"

"అన్ని వైపుల నుంచీ."

రాజు వెనక్కి తిరిగి చూశాడు. లంక సగమే మిగిలింది. పున్నమి పోటు గుర్రంలా రాదు, పిల్లిలా వస్తుంది. చూస్తుండగానే పీఠం కాళ్లు మునిగాయి. పేర్నిశెట్టి ముప్పై ఏళ్లుగా ఓడల వ్యాపారం చేస్తున్నవాడే కానీ ఈత రాదు. అతను వచ్చి రాజుగారి పీఠం అంచు ఎక్కి నిలబడ్డాడు.

"దిగవయ్యా!" అన్నాడు రాజు.

"శెట్టిగారూ, మీ ఓడ ఈ దరిదాపుల్లోనే ఉందన్నారు కదా," అన్నాడు మాచన. "ఒకసారి పిలవండి, ఎక్కి వెళ్దాం."

"పిలిస్తే ఎలా వస్తుందయ్యా! నాలుగేళ్ల కిందట మునిగిపోయినదాన్ని!" అని అరిచాడు శెట్టి. అరిచాక నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

నీళ్లు మోకాళ్లు దాటాయి. కాటయ నాయకుడు ప్రెగ్గడ భుజం పట్టుకున్నాడు. "ఇదేం లంకయ్యా! ఇందులో గడ్డి మొలుస్తుందా? నా చౌడు పొలమే నయం, కనీసం మునగదు!"

"పటంలో మెరకగానే ఉంది," అన్నాడు ప్రెగ్గడ.

రాజు లేచి నిలబడి, రెండు చేతులూ నోటికి పెట్టుకుని కేకేశాడు: "పడవా! పడవ తీసుకురండిరా!"

మడ చెట్ల వెనకనుంచి సింగడి గొంతు వినయంగా వినిపించింది. "దొంగ దొరికాడా దొరా? దొరికితేగానీ రావద్దని తమరే సెలవిచ్చారు!"

నీళ్లు నడుముకు వచ్చాయి. గొడుగు కొట్టుకుపోయింది. పీఠం ఎప్పుడో కనబడకుండా పోయింది. భట్టు ఇక ఉండబట్టలేక మొదటి బిరుదు అందుకున్నాడు; అల వచ్చి మూడోదాని దగ్గర ఆపేసింది.

రాజు మాచన వైపు చూశాడు. మాచన కూడా నడుము లోతు నీళ్లలోనే, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

"దొరికాడురా!" అని రాజు గొంతు చించుకున్నాడు. "దొంగ దొరికాడు!"

"ఎవరు దొరా?"

"సముద్రంరా! సముద్రం!"

పడవలు వెంటనే వచ్చాయి.

అందరూ ఎక్కాక పడవలు ఒడ్డు వైపు సాగాయి. రాజు పట్టుపంచె పిండుకుంటూ కూర్చున్నాడు. ఆయన ముఖంలో ఏముందో ఎవరికీ అంతుపట్టలేదు. ప్రెగ్గడ మాత్రం, ఈ అవమానానికి మాచన తల పోతుందని కాస్త ఆశపడ్డాడు.

"మాచనా," అన్నాడు రాజు చివరికి. "ఇప్పుడు చెప్పు. ఆ లంక విలువ ఎంత?"

"తమరు చెప్పిన ఇరవై వేలే. నేను శంకించను."

"ఊఁ. అయితే సత్రంలో గంజికి కూడా ఈ సముద్రమే కారణమంటావు?"

"కాదు ఏలికా. సముద్రం నిజాయితీగల దొంగ. ఎత్తుకుపోయిన లంకను పూటలోగా తెచ్చి ఉన్నచోటే పెడుతుంది. ఏటా నూరు పుట్ల వడ్లు తీసుకున్నవారు మాత్రం మూడేళ్లయినా ఇంకా తెచ్చిపెట్టలేదు."

సింగడు తెడ్డు వేయడం ఆపేశాడు. కాటయ నాయకుడు పడవ అడుగును చూశాడు. ఆ నూరు పుట్లు ఎవరి గాదెలోవో అందరికీ తెలుసు.

రాజు చాలాసేపు మాచనను తేరిపార చూశాడు. ఇంకేదైనా మాయ మిగిలి ఉందేమోనని వెతుకుతున్నట్టు చూశాడు. తర్వాత తన తడి బట్టలు, వణుకుతున్న ముగ్గురు దాతలు, నోట్లోంచి ఉప్పునీళ్లు ఊస్తున్న భట్టు ఆయన కంటబడ్డారు. ఆయన పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. పడవ ఊగిపోయేలా నవ్వాడు.

"ఓరి మాచనా! వెయ్యిమంది సైన్యంతో పట్టుకోలేని దొంగను నా చేత పట్టించావు. చివరికి నా చేతికే సంకెళ్లు చూపించావు!"

ఆ మధ్యాహ్నమే మైలమను విడిచిపెట్టారు. మూడేళ్ల బాకీ కింద మూడు వందల పుట్ల వడ్లూ సాయంత్రంలోగా సత్రానికి చేరాలని రాజు ఆజ్ఞాపించాడు. దాతల ఆస్తులు దాతలకే తిరిగి ఇప్పించి, తగ్గించుకున్న పన్నంతా కట్టించాడు. ఆ డబ్బు రాగానే జాలర్ల వలపన్ను పాత లెక్కకు దించాడు. కోట గుమ్మం దగ్గరి రాయి మీద మూడో వాక్యం చెరిపించి, దాని చోట మరో వాక్యం వేయించాడు: దానం విలువ ఎంతో దాత చెప్పనవసరం లేదు; ఏడాది చివర సత్రం వంటింట్లో అడిగి తెలుసుకోవలెను.

ఆ వాక్యం వచ్చాక దానాలు బాగా తగ్గాయి. వచ్చినవి మాత్రం ఉడికాయి. పన్నెండో బిరుదు మాట రాజు మళ్లీ ఎత్తలేదు.

బండ్ల నుంచి వడ్లు దింపిస్తూ మైలమ మాచనను నిలదీసింది. "నిండు సభలో దొంగనన్నావే! ముందు ఒక్క మాట చెబితే ఏం పోయేది?"

"చెప్పి ఉంటే నీ ముఖం అందరికీ చెప్పేసేది మైలమక్కా. నీకు ఏదీ దాచడం చేతకాదు. అందుకేగా నీ పెరట్లో ఏమీ దొరకలేదు."

"నిన్ను చంపేద్దామనుకున్నాను."

"చూశాను. భటుడు కూడా చూశాడు."

మర్నాడు కొలువులో రాజు మాచనను పిలిచి పట్టుశాలువా కప్పాడు. "నీ తెలివికి ఒక ఊరు బహుమానంగా ఇస్తున్నాను. ఏటి అవతల చింతలగుంట. మంచి మాగాణి. ఇంద పత్రం, తీసుకో."

మాచన శాలువా సర్దుకున్నాడు. పత్రం మీద చెయ్యి వేయలేదు.

"ఏమయ్యా, చాలదా?"

"మహాభాగ్యం ఏలికా. ఒక్కటే మనవి. ఆ ఊరిని నాకు ఆటు వేళ చూపిస్తారా, పోటు వేళ చూపిస్తారా?"

రాజు మళ్లీ నవ్వు అందుకున్నాడు. ఈసారి సభ కూడా నవ్వింది; ఎవరు ముందు నవ్వారని ఎవరూ వెతకలేదు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, రాజు తన గుర్రాన్నే తెప్పించి మాచనను ఎక్కించాడు. "రెండు వేళలా చూసిరా. పొడిగా ఉంటేనే తీసుకో!" అన్నాడు.

మాచన రెండు వేళలా చూసి వచ్చి, అప్పుడు పత్రం తీసుకున్నాడు.